కణుపు దగ్గర ఆగిన జాయ్స్

పదవ తరగతి దాటిన పిల్లలకు అనకాపల్లిలో రెండే దారులు కనిపించేవి: లెక్కలకు ఎంపీసీ, జీవశాస్త్రానికి బైపీసీ. బెల్లం మార్కెట్లో కాటా వేసే కృపానిధి కూతురు జాయ్స్, బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్న శిష్యురాలు, రెండూ కావాలని ఏడ్చి, చివరకు తండ్రి మాటపై ఎంపీసీలో చేరింది. 2007లో విశాఖపట్నంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు ముగించే వేళ, గేట్ పరీక్ష నెగ్గితే బయోమెడికల్ ఇంజనీరింగులో ఎం.టెక్ చేయవచ్చని తెలిసింది. మూసుకున్నదనుకున్న తలుపు తెరుచుకోగానే ఆ పిల్లకు కుదురు పోయింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయమైనా ధ్యాసంతా ఆ సీటు మీదనే.

"మెడికల్ అంతన్నావు, మరి సూదులేత్తావేటే?" అని కృపానిధి వెటకారం.

"సూదులు కాదు నాన్నా. గుండె కొట్టుకోడాన్ని గీతలు గీసి సూపించే మిషన్ ఉంటాది సూడు, అలాటివి సేసే సదువు."

"మిషన్లకి మన అప్పలరాజు మెకానిక్కు లేడేటి?"

"ఊరుకోండి, దానికసలే కాలు నిలవట్లేదు," అని తల్లి ఆరోగ్యమేరి కసిరింది.

గేట్ నెగ్గింది; మద్రాసులోని ఒక సంస్థ ఇంటర్వ్యూకు పిలిచింది. శరీరశాస్త్రం మరచిపోయిన జాయ్స్, పక్కింటి సుజి దగ్గర తెలుగు మాధ్యమపు బైపీసీ పుస్తకం తెచ్చుకుంది. గుండె లయ మొదలయ్యే చోటికి అందులో 'సిరాకర్ణికా కణుపు' అని పేరు. ఆ మాటకు అర్థమేమిటని నా దగ్గరకు వచ్చింది. తెలుగు మాటయిన కణుపుకు ముందు 'కర్ణికా'లోని ఆ దీర్ఘం నిలవదనీ, 'సిరాకర్ణిక కణుపు' అనడమే సాధువనీ నేను చాలాసేపు వివరించాను. ఈనాటి పాఠ్యపుస్తకాల సమాసాల గురించి ఒక గ్రంథమే రాయవచ్చు. అది వేరే కథ.

ఇంటర్వ్యూలో తెలుగు రాని ఆచార్యురాలు సరిగ్గా ఆ చోటి పేరే అడిగింది. జాయ్స్ నాలుక మీద కణుపు ఒక్కటే నిలిచింది. కాగితం మీద గుండె బొమ్మ గీసి, చోటు చూపించింది. ఆంగ్లనామం మాత్రం చెప్పలేకపోయింది.

"కణుపంటే నోడ్ సార్! సర్క్యూట్లలో నాలుగేళ్లు నలిగిన మాటే. మెట్లు దిగేక గుర్తొచ్చింది," అని తిరిగివచ్చి నాతో చెప్పుకుంది.

వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు తనదే. అయితే ఆ జాబితా కదలలేదు. రోజూ ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తేది, ముఖం వేలాడేసుకుని వచ్చేది. ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకువచ్చింది.

హైదరాబాదు బండి ఎక్కించడానికి కృపానిధి సంచీతో స్టేషనుకు వచ్చాడు. జాయ్స్ ప్లాట్‌ఫారం మీది బూత్‌లో చివరిసారిగా ఫోను తిప్పింది. సంస్థ ఆఫీసులో ఒకావిడ ఎత్తింది. ఒకరు సీటు మానుకున్నారట. సీటు ఉందట, కానీ మొదటి సెమిస్టరులో శరీరశాస్త్రం అదనంగా చదివి నెగ్గాలి, తప్పితే సీటు పోతుంది. ఇప్పుడే చెప్పాలి.

గాజు తలుపు వెనక నుంచి తండ్రి, "ఏటంతన్నారే?" అని సైగ చేశాడు. జాయ్స్ అటు చూడలేదు.

"వస్తాను మేడమ్," అన్నది ఆంగ్లంలో, రెండుసార్లు.

బయటకు వచ్చేసరికి బండి వస్తున్నట్టు మైకు మోగింది. కృపానిధి సంచీ భుజానికెత్తాడు.

"దించెయ్ నాన్నా. బండి ఎక్కను."

"ఉజ్జోగమో?"

"వదిలేసేను."

ఆయన సంచీ దించలేదు. బండి వచ్చి ఆగింది, కదిలింది. చివరి పెట్టె దాటిపోయాక, "మరి మద్రాసు బండి ఎప్పుడే?" అన్నాడు.