పట్టాభిరామయ్య గారి "ష్!"

చప్పుడు చేసేవాళ్లను "ష్!" అనే మనుషులు లోకంలో కోకొల్లలు. చప్పుడు చెయ్యని వస్తువులను "ష్!" అని గదమాయించే మహానుభావుడు మాత్రం నాచారం మొత్తానికీ ఒక్కరే. ఆయనే పట్టాభిరామయ్య గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ యూనివర్సిటీ వాళ్ల రేడియో టెలిస్కోపు దగ్గర ఇంజనీరుగా కుదిరారు. ట్యూబులైటు కనిపిస్తే "ష్!" ఫోను ఛార్జరు కనిపిస్తే "ష్!" పక్కనే డప్పులు పగిలేలా మోగుతున్నా ఆయనకు పట్టదు.

"మన చెవికి వినపడేది అసలు చప్పుడే కాదండీ" అనేవారు. "టెలిస్కోపు వినేది రేడియో తరంగాల్ని. ఆకాశం నుంచి వచ్చే కబురు చీమ గుసగుసంత. మీ ఇంట్లో వదులు వైరు ఒక్క నిప్పురవ్వ రాల్చిందా, దాని చెవిలో టపాకాయ పేలినట్టే!"

ఒకసారి ఉప్పల్ నుంచి వస్తున్న పెళ్లి బారాత్ టెలిస్కోపు గోడ పక్కకు చేరింది. బ్యాండు మోతకు కిటికీలు దడదడలాడుతున్నాయి. పట్టాభిరామయ్య గారు ఎదురెళ్లి చెయ్యి అడ్డం పెట్టారు.

"బ్యాండు బంద్ జెయ్యాల్నా సార్?" అన్నాడు పెళ్లికొడుకు బావ, బెదురుగా.

"అయ్యో, ఎందుకు బాబూ? గోడలు కూలేలా వాయించుకోండి! పెళ్లికొడుకు తలపాగాలో మిణుకుమిణుకుమంటున్న బల్బులున్నాయే, అవి ఆర్పించండి. గోలగోలగా ఉంది!"

పాపం, పెళ్లికొడుకు చీకట్లోనే ఊరేగాడు. ఫోటోల్లో అతనికంటే గుర్రమే బాగా పడింది.

ఈ చాదస్తంలో ఆయన తనకూ మినహాయింపు ఇచ్చుకోలేదు. నిప్పురవ్వలు రాల్చే ఆయన పాత స్కూటరు ప్లగ్గు వట్టి వాగుడుకాయట. అందుకని రోజూ మెయిన్ రోడ్డు మలుపులోనే ఇంజను ఆపేసి, టెలిస్కోపు గేటు దాకా బండిని తోసుకుంటూ వచ్చేవారు. "పెట్రోల్ అయిపోయిందా సార్?" అని అడిగి అడిగి గల్లీవాళ్లకే విసుగొచ్చింది. ఎండైనా వానైనా ఆ స్కూటరు ఆ గల్లీలో స్టార్టయిన పాపాన పోలేదు.

ఆ గల్లీలోనే, గేటుకు ఎదురుగా, సాలమ్మ పిండిగిర్నీ ఉంది. మొగుడు పోయాక ఆమెకు అన్నం పెడుతున్నది ఆ గిర్నీయే. అందుకే పట్టాభిరామయ్య గారు ఒకనాడు లోపలికొచ్చి, గడగడలాడుతున్న మోటారును వదిలేసి గోడమీది స్విచ్చు డబ్బాను చూసి "ష్!" అనేసరికి ఆమె గుండె జారింది.

భయం ఊరికే రాలేదు. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఒక నౌక పంపే కబురు వినే పని టెలిస్కోపుకు అప్పగించారు. తీరా వినబోతే ఎక్కడినుంచో గరగర! డైరెక్టర్ ఉమామహేశ్వర్ గారు మండిపడి, గరగర ఎవరింట్లో దొరికితే వాళ్ల కరెంటు కనెక్షన్ పీకించేస్తానని గల్లీ అంతా చాటించారు.

అప్పట్నుంచి పట్టాభిరామయ్య గారు రోజూ మధ్యాహ్నం గిర్నీకి రావడం, డబ్బా విప్పడం, ఏవో బిగించి, తలనిండా పిండితో పండు ముసలివాడిలా బయటపడటం. తనమీద సాక్ష్యం కూడగడుతున్నాడనే సాలమ్మ అనుకుంది. మంచి చేసుకుందామని సకినాలు పెట్టింది. తనూ ఒకటి నోట్లో పెట్టుకుని, కొరకబోయి ఆగింది.

"నమలొచ్చునా సార్?"

"భేషుగ్గా నమలండమ్మా! ఆకాశానికి వినపడదు."

"సార్, గిర్నీ బందైతే నేను బతికేదెట్ల?"

"కొత్త స్విచ్చు దొరకాలమ్మా. అదొక్కటీ దొరకాలి" అంటూ ఆయన తనలో తను గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆ మాటతో ఆమె భయం ఇంకాస్త పెరిగింది.

మర్నాడు స్విచ్చు రాకముందే డైరెక్టర్ గారొచ్చారు. ఆయన వెనకాల, గరగర ఎక్కడుందో పట్టే యాంటెన్నా, మీటరు చేతబట్టుకుని, అక్కడ పరిశోధన చేసే అమ్మాయి హిమజ. గిర్నీ దగ్గరయ్యే కొద్దీ మీటరు ముల్లు పైపైకి లేస్తోంది. లోపల మిర్చి ఆడిస్తున్న సాలమ్మ గిర్నీ ఆపడం కూడా మరిచిపోయి గుమ్మంకేసే చూస్తోంది.

అంతలో గుమ్మం ముందు భడభడమని పెద్ద మోత. చూస్తే పట్టాభిరామయ్య గారు! గల్లీలో ఎన్నడూ స్టార్టు కాని స్కూటరు మీద, యాక్సిలరేటర్ తిప్పుతూ! మరో చేతి వేలు పెదాలమీద పెట్టుకుని, లోపలి స్విచ్చువైపు కళ్లతో సైగ చేశారు. సాలమ్మ టక్కున స్విచ్చు కట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆయన బండి ఆపారు. ముల్లు చచ్చినట్టు పడిపోయింది.

"మీ స్కూటరా?" డైరెక్టర్ గారు నోరు తెరిచారు. "ఊరందరికీ నీతులు చెప్పి, మీరే..."

"తప్పయిపోయిందండీ" అంటూ పట్టాభిరామయ్య గారు తల వంచుకున్నారు. "తోసుకెళ్లడానికి బద్ధకించాను."

"ఈ బండి మళ్లీ మా గేటు దగ్గర కనపడకూడదు!"

హిమజ నవ్వు ఆపుకోలేక యాంటెన్నా వెనక ముఖం దాచుకుంది. సాలమ్మకు నవ్వు రాలేదు. ఈ గల్లీల సార్ బండి స్టార్టే గాదు గదా, మరి రోజూ గరగర ఎక్కడిది? అని ఒక్క క్షణం ఆలోచించింది. అంతే, కళ్లు చెమర్చాయి. మిర్చి ఘాటని అందరూ అనుకున్నారు.

సాయంత్రానికి కొత్త స్విచ్చు బిగించారు. ఆ తర్వాత నౌక కబురు స్పష్టంగా వినపడిందని హిమజ పరుగున వచ్చి చెప్పింది.

"ఇప్పుడు మీ గిర్నీ పరమ నిశ్శబ్దం అమ్మా!" అన్నారు పట్టాభిరామయ్య గారు మోటారు పక్కన నిలబడి.

"ఏందీ? గట్టిగ జెప్పుర్రి, గిర్నీ మోతకు ఇనొస్తలేదు!"

"పరమ నిశ్శబ్దం!" అని గొంతు చించుకుని అరిచారాయన.

ఇప్పుడాయన నడిచే వస్తున్నారు. అడిగితే ఆరోగ్యం కోసమంటారు. ఆ రోజు డైరెక్టర్ గారి కంటపడకుండా లోపలికి తోసిన స్కూటరు మాత్రం గిర్నీలో ఒక మూల ఉంటోంది. సాలమ్మ రోజూ పొద్దున్నే దానిమీది పిండి కొంగుతో తుడుస్తుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, దాని హెడ్‌లైటు దగ్గరికి వంగుతుంది.

"ష్! నీ తప్పేం లేదు, నాకెరుకే. ఎవ్వరితోని జెప్పకు."