అవ్వ షుగర్ మిషన్ చూపిన అంకె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధమాడని వస్తువు ఒక్కటే ఉండేది, మా అవ్వ షుగర్ మిషన్. ఆమె దొంగచాటుగా కజ్జికాయ తిన్నా మరునాడు పట్టించేసేది. దాని మాటకు మా ఇంట్లో తిరుగు లేదు.

తమ్ముడు నెల ముందే పుట్టాడు. బేతంచెర్లలో మా ఇంటికి తెచ్చిన మరునాడు పొద్దున పాలు తాగడం మానేశాడు. ఏడవడం కూడా లేదు. చేయి ఎత్తి వదిలితే తడిగుడ్డలా వాలిపోయేది. అమ్మ వాడి అరికాళ్లు రుద్దుతూనే ఉంది. "మా చెల్లెలి బిడ్డకు ఇట్లే చక్కెర పడిపోయింటే కర్నూలుకు ఎత్తుకపోయినారు" అంది పక్కింటి అక్క. నాయన నాపరాళ్ల పాలిష్ పని వదిలి, ఒంటి నిండా తెల్లటి దుమ్ముతో పరిగెత్తుకొచ్చాడు. అవ్వ తన మిషన్ తీసి వాడి మడమ మీద గుచ్చింది. డెబ్బై వచ్చింది.

"డెబ్బైరా! నాకెప్పుడైనా ఇంత బాగా వచ్చిందా? నిద్రపోతాండాడు, పోనీ" అని నవ్వింది. మేమూ నవ్వాం. ఆ ధీమాతోనే మధ్యాహ్నం దాకా ఇంట్లో కూర్చున్నాం. అప్పుడు ఫిట్స్ వచ్చి వాడి కళ్లు ఒక పక్కకు లాక్కుపోయాయి.

కర్నూలు ఆసుపత్రిలో నాయన, "షుగర్ చూసినాం మేడం, శానా బాగుండాది" అని చెబుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ పసిపిల్లల వార్డులోని మిషన్‌తో మళ్లీ చూసింది. చక్కెర అడుగంటిపోయి ఉంది. ల్యాబ్‌కు రక్తం పంపి, జవాబు కోసం ఆగకుండా గ్లూకోజు ఎక్కించింది. తర్వాత ల్యాబ్ కూడా అదే చెప్పింది.

"ఇది నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా" అంది అవ్వ, మిషన్‌ను గుప్పిట్లో పట్టుకుని. డాక్టరమ్మ తిడుతుందేమో అనుకున్నాను. ఆమె అవ్వను బల్ల మీద కూర్చోబెట్టింది.

"నీకు చెప్పదులే అవ్వా, పెద్దోళ్ల కోసం చేసిందది. పసిబిడ్డకు చక్కెర శానా కిందికి పోతాది, ఆడ ఇది తడబడతాది. నీ తప్పు కాదు."

తమ్ముడు బతికాడు. ఇప్పటికీ కూడబలుక్కుని మాట్లాడతాడు, కుడికాలు ఈడుస్తాడు. ఆ పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య వాడికి ఎంత పోయిందో కొలిచే మిషన్ లేదు.

నేనిప్పుడు పసిపిల్లల వార్డులో నర్సును. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు, ఏమున్నా డైరీలో రాసుకుంటాను. మొన్న వార్డుకు కొత్త షుగర్ మిషన్లు ఎంచుతుంటే, చవకని, త్వరగా చూపిస్తుందని అందరూ ఒకదాన్ని మెచ్చుకున్నారు. అయినా అడిగాను: "చక్కెర బాగా తగ్గిన పసిబిడ్డల రక్తంతో దీన్ని ల్యాబ్‌తో సరిచూశారా?" అమ్మడానికి వచ్చినాయన పెద్దవాళ్ల రక్తంతో సరిచూసిన కాగితాలే తీసి చూపించాడు. ఆ మిషన్ మేము తీసుకోలేదు.

మంచిదే తీసుకున్నాం. అయినా అది ఏ అంకె చూపించినా, ముందు బిడ్డ చేయి ఎత్తి వదిలి చూస్తాను. వాలిపోతే, ఆ అంకెను నమ్మి కూర్చోను.