పొట్టి బ్లాకు

అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో గానీ, రేవు పక్క షెడ్లలో అందరికీ ఆయన నిదానం మేస్త్రి. పందెం పడవలకు ఇంజన్లు కట్టే పనిలో ఉండి అలాంటి పేరు తెచ్చుకోవడమంటే మాటలా! పందేలవాళ్ళకు పడవ దించిన మర్నాడే కప్పు కావాలి. ఈయనేమో "ముందు పదేళ్ళు నడవనీ, కప్పు సంగతి తర్వాత చూద్దాం" అంటాడు. తిట్టుకుంటూనే మళ్ళీ ఈయన గుమ్మమే తొక్కుతారు. తొక్కక ఏం చేస్తారు? ఆయన కట్టిన ఇంజను నడినీళ్ళలో ఆగిపోయి ఎవణ్ణీ నవ్వులపాలు చెయ్యలేదు.

ఆ నిదానమంతా బ్లాకు ఎంచుకోవడంలోనే ఉంది. బ్లాకంటే ఇంజనుకు మొండెం లాంటిది. అడుగున తిరిగే క్రాంకు ఇరుసు నడిమి నుంచి, పైన మూతలా హెడ్డు కూర్చునే మట్టం దాకా ఉండే ఎత్తుని డెక్కు ఎత్తంటారు. ఆ ఎత్తుని బట్టి ఒకే రకం బ్లాకు పొట్టిదీ దొరుకుతుంది, పొడుగుదీ దొరుకుతుంది. పొట్టిది తేలిక, పడవ ముక్కు చటుక్కున లేచి వేగం అందుకుంటుంది. పొడుగుదాంట్లో పిస్టన్ని క్రాంకుకు కలిపే రాడ్డు పొడవాటిది పడుతుంది, పిస్టను సిలిండరు గోడని అంతగా ఒరుసుకోదు, ఇంజను చాలాకాలం బతుకుతుంది. "రోడ్డు మీద బండికి దిగుడొస్తే కాస్త ఊపిరి తీసుకుంటుంది. నీళ్ళలో దిగుడేదిరా నాయనా? మొదట్నుంచి చివరిదాకా ఎగుడే!" అని దబాయించి, వచ్చినవాడి చేత పొడుగుదే కొనిపించేవాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. పసితనంలోనే తల్లి పోతే, ఆ షెడ్డులో నట్లూ బోల్టులతో ఆడుకుంటూ పెరిగింది. పెద్దయ్యాక పడవ పట్టిందంటే మగాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. తండ్రి నిదానం, కూతురు దూకుడు, ఇద్దర్నీ కలిపి సగానికి కోస్తే ఒక మామూలు మనిషి వస్తాడని షెడ్లవాళ్ళ వేళాకోళం.

కిందటి వానాకాలంలో ఆ పిల్ల మంచాన పడింది. రక్తంలో జబ్బన్నారు. మందులు మార్చారు, రక్తం ఎక్కించారు, జుట్టంతా ఊడింది, జబ్బు మాత్రం ఊడలేదు. చివరికి పెద్దాస్పత్రి డాక్టరమ్మ తండ్రీకూతుళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ ఎండాకాలం దాటడం కష్టమని చెప్పేసింది. ఇంటికొచ్చే దారిలో మేస్త్రి "ఆవిడ మొహం! ఆవిడకేం తెలుసు?" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అడిగినవాళ్ళతో "కాస్త నీరసం, తగ్గిపోతుంది" అనేవాడు.

ఊసెత్తింది కూతురే.

"నాన్నా, ఈ ఎండాకాలం పందెంలో నేను దిగుతా. చేతుల్లో ఇంకా ఆ మాత్రం బలముంది. పొట్టి బ్లాకుతో ఇంజను కట్టిపెట్టు."

"పొట్టిదా! రెండేళ్ళకే గోడలు అరిగి కూర్చుంటుంది. పొడుగుదే కడతా. నీకు కలకాలం పనికొస్తుంది."

"నాకు కలకాలం దేనికి నాన్నా?"

మేస్త్రి చేతిలో స్పానరుని గోడకేసి కొట్టాడు. "నోర్ముయ్! పిచ్చి మాటలూ నువ్వూనూ!" అని విసవిసా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ, మందు మింగించేటప్పుడూ అదే గొడవ. పొట్టిది అని ఆమె, పొడుగుది అని ఆయన. చివరికి ఒకనాడు షెడ్డులో పాత పడవ స్టీరింగు పట్టుకుని సాధన చేస్తున్న పిల్ల, మధ్యలో ఆయాసపడి దానిమీదే తల వాల్చేయడం మేస్త్రి చూశాడు. బిడ్డకు ఇవ్వగలిగింది ఇంకేముంది నా దగ్గర, ఆ ఒక్క పందెం తప్ప అనుకున్నాడు. మర్నాడు బ్లాకులమ్మే షాపుకు వెళ్ళాడు.

షాపాయనకూ ఈయనకూ చుట్టరికమేం లేదు, బావా అంటే బావా అనుకోవడమే.

"పొట్టిది ఇవ్వు బావా."

"ఇవాళ పొద్దు పడమట పొడిచిందా ఏమిటి! ఎవరికోయ్?"

"అమ్మాయికి."

"ఊరందరికీ పొడుగుది అంటగట్టి సొంత పిల్లకి పొట్టిదా? ఎన్నాళ్ళు నడుస్తుందని?"

"ఈ ఎండాకాలం నడిస్తే చాలు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. షాపాయనకు సంగతి అర్థమై, బ్లాకుని తనే మోయించి పంపాడు.

షెడ్డులో దాన్ని దించుతుంటే కూతురు వచ్చింది. కొలవాల్సిన పని లేదు, చూడగానే పొట్టిదని తెలిసిపోతుంది. "ఇదిగో, నీ మాటే నెగ్గింది, ఇక సంతోషమేనా?" అన్నాడు మేస్త్రి, మొహాన నవ్వు పులుముకుని.

ఆ పిల్ల బ్లాకు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆస్పత్రిలో సూదులు గుచ్చినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వు ఒప్పుకోవనుకున్నాను నాన్నా."

"అడిగింది నువ్వే కదమ్మా!"

"అడిగాను. డాక్టరమ్మ చెప్పింది, నా ఒళ్ళూ చెబుతోంది. అయినా పొడుగుదే అని నువ్వు పోట్లాడుతుంటే, ఏమో, బతుకుతానేమో అనిపించేది."

"ఇప్పుడే వెనక్కిచ్చేసి పొడుగుది తెస్తా తల్లీ, ఇప్పుడే" అంటూ మేస్త్రి బ్లాకు దించిన తాడు అందుకున్నాడు.

"వద్దు నాన్నా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పొడుగుదైతే పట్టదు, పడవలో ఇంజను చోటంతా మళ్ళీ కోసుకోవాలి. పందేనికి అందదు. రా, మొదలుపెడదాం."

మేస్త్రి ఆ బ్లాకు పక్కనే నేలమీద కూలబడ్డాడు. కూతురే ఆయన్ని లేపింది.