తోక లేని తేలు

పామర్‌స్టన్ నార్త్‌లో సైకిల్ చెయిన్ తెగిన ప్రతి తెలుగు విద్యార్థికీ నర్సయ్య ఇల్లు తెలుసు. డెబ్బై ఏళ్ళ మనిషి. ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాక, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురు ప్రణీత దగ్గరికి వచ్చి ఉండిపోయాడు. ఆమె గరాజ్‌లో పానాలు, పంక్చరు ముక్కలు పరుచుకుని అందరి సైకిళ్ళూ బాగుచేస్తాడు. డబ్బు ఇవ్వబోతే కసురుకుంటాడు. "జిందగీ అంత టికెట్లు కొట్టిన. ఇగ పైసలు ముట్ట" అంటాడు. ఇంటి వెనక ప్లాస్టిక్ గుడారం వేసి, ఈ ఊరి ఈదురుగాలికి బతకవని అందరూ చెప్పిన మిరప మొక్కల్ని మొండిగా బతికించాడు.

నా పేరు ఆశాజ్యోతి. మాది తెనాలి. ఇక్కడ ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. మా తెలుగు సంఘానికి కార్యదర్శిని కూడా. అంటే కుర్చీలు మోయించడం, మైకు అరువు తేవడం, ఎవరు ఎందుకు అలిగారో ముందే కనిపెట్టడం నా పని. ఈ ఊళ్ళో మనవాళ్ళ గురించి నాకు తెలియనిది లేదని ఒక ధీమా ఉండేది. మొన్న మార్చిలో అది కాస్తా పోయింది.

నర్సయ్య తన తల్లి పోషవ్వ గురించి నాకు అంతకుముందే చెప్పాడు. మా అమ్మాయి సైకిల్‌కి పంక్చరు వేస్తూ చెప్పాడు, నేను ఫోన్ చూసుకుంటూ విన్నాను. చెప్పకపోతే నా పాపం తీరదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను.

పోషవ్వను ఆరేళ్ళ వయసులో గడికి ఇచ్చేశారు. గడి అంటే వాళ్ళ వైపు దొర ఉండే కోట లాంటి ఇల్లు. దొర కూతురు పెళ్ళయి అత్తారింటికి వెళితే ఆవుల్నీ గిన్నెల్నీ పంపినట్టే ఒక ఆడపిల్లను కూడా వెంట పంపేవారట. ఆ పిల్లకు జీతం లేదు, పెళ్ళి లేదు, తిరిగి పుట్టింటికి వెళ్ళడమన్నది లేదు. ఆడబాప అని పిలిచేవారు. పదిహేనేళ్ళు చదువుకున్న నాకు ఈ మాట ఏ పుస్తకంలోనూ తగల్లేదు. సిగ్గుగా ఉంది, కానీ నిజం.

తర్వాత పల్లెలు తిరగబడ్డాయి. తుపాకులు మోగాయి, రజాకార్లు వచ్చారు, వాళ్ళ వెనక సైన్యం వచ్చింది. దొరలు బండ్లు కట్టుకుని పట్నం పారిపోయారు. పదేళ్ళ పోషవ్వను ఎవరూ బండి ఎక్కించలేదు. ఆమెకు స్వేచ్ఛ వచ్చిన తీరు అది. సొంత ఊరి పేరు కూడా తెలియదు. తోచిన దారిన నడిచి, ఒక చాకలివాళ్ళ ఇంట్లో పెరిగి, పెళ్ళి చేసుకుని, ఎండు మిరపకాయలు అమ్మి కొడుకుని చదివించింది.

ఆమెకు తండ్రి గురించి ఒకే ఒక్క జ్ఞాపకం. ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపిస్తుంటే నొప్పికి ఏడ్చిందట. ఆయన చూడలేక, సగంలోనే ఎత్తుకుని తీసుకుపోయాడు. అందుకే ఆ తేలుకి తోక లేదు. అంత ప్రేమ ఉన్నవాడు మరి గడికి ఎలా ఇచ్చాడు, ఇచ్చాక ఒక్కసారైనా ఎందుకు రాలేదు అని ఆమె చచ్చిపోయేదాకా అడుగుతూనే ఉందట. "ఆ తేలును సూస్తే మండేది మా అవ్వకు" అన్నాడు నర్సయ్య. వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మ. "మే నెల ఎండల గూడ మణికట్టు దాక రైక తొడిగేది. ఇంట్ల నేనొక్కన్నే సూసిన ఆ తేలును." నేను "అయ్యో" అని మళ్ళీ ఫోన్ చూసుకున్నాను.

ఇక మార్చి సంగతి. సంఘానికి పదేళ్ళు నిండాయని పండుగ పెట్టుకున్నాం. "మన వైభవం" అని పెద్ద బ్యానర్ వేయిద్దామని, ఇళ్ళలో ఉన్న పాత ఫోటోలు పంపమన్నాను. ఇందిరాదేవి ఆంటీ ఒకటి ఇచ్చారు. ఆమె కొడుకు ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, గుమ్మంలోకి ఎవరు వచ్చినా తినిపించకుండా పంపదు. ఎప్పుడడిగినా "మేం హైదరాబాదోళ్ళం" అనేది. అంతకుమించి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఫోటో ఆమె తల్లి పెళ్ళిది, పందొమ్మిది వందల నలభై నాలుగు నాటిది. నగలు, తలపాగాలు, వెనక గుర్రం. చూడగానే నోరూరింది. ఒక్కటే లోపం, కుడివైపు చివర చింపిరి జుట్టు పిల్లొకతె ఉమ్మి పట్టే తమ్మపడిగ పట్టుకుని నిలబడి ఉంది. వైభవం మధ్యలో ఇదెందుకని కంప్యూటర్‌లో ఆ పిల్లను కత్తిరించేశాను. అయినా ఒక చెయ్యి మిగిలిపోయింది. పోనీలే అనుకుని ప్రింటుకి పంపాను.

శనివారం ఉదయం హాల్లో బ్యానర్ కట్టడానికి నర్సయ్య నిచ్చెన ఎక్కాడు. కుడివైపు తాడు ముడి వేయబోయి ఆగిపోయాడు. ఎంతసేపటికీ దిగడు. కళ్ళు తిరిగాయేమోనని పరుగెత్తాను.

"బిడ్డా, గీ చెయ్యి ఎవలిది?" అన్నాడు.

"ఏమో అంకుల్, ఎవరో పనిపిల్ల."

"తక్కిన మనిషి ఏడున్నది?"

నేనే కత్తిరించానని చెప్పాను. నిచ్చెన మీద నుంచి ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం కూడా కాదు అది. బ్యానర్ ఎనిమిదడుగులది. ఆ చెయ్యి నా భుజమంత పెద్దదై కనబడుతోంది. ముంజేతి మీద ఒక తేలు ఉంది, దానికి తోక లేదు. గరాజ్‌లో నేను సరిగ్గా వినని మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో పడ్డాయి.

వెంటనే నర్సయ్యను ఎక్కించుకుని ఇందిరాదేవి ఆంటీ ఇంటికి డ్రైవ్ చేశాను. అక్కడికి చేరాక ఆయన బూట్లు గేటు దగ్గరే విప్పేశాడు. ఆమె ఇంటికి ఎప్పుడొచ్చినా అంతే. నేను ఎన్నోసార్లు వేళాకోళం చేశాను, అది గడుల ముందు చెప్పులు విప్పి నడిచిన ఊళ్ళ అలవాటని ఒక్కసారీ ఆలోచించలేదు.

"అసలు ఫోటో ఒకసారి చూడాలి ఆంటీ" అన్నాను. గోడ మీది ఫ్రేము తీసి ఇచ్చింది. నర్సయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్ల ముఖం మీద అద్దాన్ని బొటనవేలితో తుడిచాడు. తల్లి ఫోటో ఆయన దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ ముఖం చూడటం ఆమె పోయాక ఇదే మొదటిసారి, అది కూడా ఆరేళ్ళ పిల్లగా.

ఆయన ఏం చూస్తున్నాడో ఇందిరాదేవి ఆంటీ గమనించింది.

"అది ఆడబాప, నర్సయ్యా. మా అమ్మ వెంట వచ్చింది" అంది మామూలుగా, టీ పోస్తూ. "దాని చెయ్యి మీద తోక లేని తేలు ఉన్నది చూసినవా? దానికో కత ఉన్నది. మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. దాని నాయిన ఏటా పంట కోతలు కాంగనే గడి ముందలికి వచ్చి నిలబడేటోడంట. చేతిల పేలాల మూట. 'తేలుకు తోక పెట్టియ్యక పోతే పిల్లకు కీడు దొరా, ఒక్క దినం పంపుండ్రి, పొడిపిచ్చి మళ్ళ తోలుకొస్త' అనేటోడు. ఒక యేడు పచ్చబొట్లు పొడిచే ఆమెను గూడ వెంటబెట్టుకొచ్చిండంట. పొద్దంత నిలబడి నిలబడి పోయేటోడు. గడిల అందరికీ అదొక తమాషా."

ఆమెను ఆపాలని నాకు తెలుసు. అయినా టీ కప్పు పట్టుకుని కూర్చున్నాను.

"పిల్లకు చెప్పిన్రా? నాయిన వచ్చిండని?" అని అడిగాడు నర్సయ్య.

"ఎందుకు చెప్తరు? ఏడుస్తది కద. మేం పట్నం వచ్చినంక గూడ ఒకపారి ఇల్లు దేవులాడుకుంట వచ్చిండు. అల్లర్లల్ల సచ్చిపోయి ఉంటది పో అని మా అమ్మ..."

అక్కడ ఆగింది. నర్సయ్య ముఖం అప్పుడు చూసిందనుకుంటాను.

"ఆమె మా అవ్వ, అమ్మా" అన్నాడు. "పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిల పోయింది."

ఇందిరాదేవి ఆంటీ టీ గిన్నె పెట్టబోయి బల్ల అంచున పెట్టింది. అది కింద పడింది. ఎవరూ తుడవలేదు. ఆమె ఫ్రేము లాక్కుని, వెనక అట్ట ఊడదీసింది. "పేర్లు రాసి ఉంటయి, మా నాయిన అందరి పేర్లు రాసేటోడు" అంటోంది. రాసే ఉన్నాయి. వరసగా అందరి పేర్లు, తెల్ల గుర్రం పేరు మోతీ. కుడివైపు చివర పిల్ల ఉన్నచోట ఏమీ రాసి లేదు. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. గుర్రానికి పేరుంది, పిల్లకు లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళుగా ఆ ఫోటో ఆమె ఇంట్లోనే ఉంది.

"నేను ఎన్నడు అనుకోలె నర్సయ్యా, దానికి... ఆమెకు ఒక కొడుకు ఉంటడని" అంది. తర్వాత ముఖం కొంగులో దాచుకుంది. ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మరుక్షణం నా కత్తిరింపు గుర్తొచ్చి ఆ కోపం నా మీదకే తిరిగింది.

తిరుగుబాటు గెలిచిందన్నారు. గడులు కూలాయి, చట్టాలు మారాయి, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. అంతా మళ్ళీ కట్టుకున్నామని మనం పుస్తకాల్లో రాసుకున్నాం. గడుల్లోంచి బయటపడ్డ ఆడపిల్లల్ని వాళ్ళ ఇళ్ళకు చేర్చే ఆఫీసు ఒక్కటి ఎవరైనా పెట్టారా? పెడితే ఒక గుమస్తా, ఒక బల్ల సరిపోయేవి.

నర్సయ్య ఏడవలేదు. "అయితే వచ్చిండు" అన్నాడు మెల్లగా. "మా తాత వచ్చిండు. మా అవ్వకు చెప్పాలె." చెప్పడానికి ఆమె లేదన్న సంగతి అన్నాక గుర్తొచ్చినట్టుంది. "ఏ ఊరాయన?" అని అడిగాడు.

"ఎర్రసానిపల్లె" అంది ఇందిరాదేవి ఆంటీ.

నర్సయ్య లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను.

"ఎర్రసానిపల్లె మాకు మూడు మైళ్ళు" అన్నాడు నాతో. "ఊరి బయట, రోడ్డు మీద, బేస్తవారం అంగడి. ముప్పై యేండ్లు ఆ అంగట్ల మిరపకాయలు అమ్మింది మా అవ్వ. నేను గంప మోసుకుంట పోయెటోన్ని. ఆ ఊరి ముసలోళ్ళందరు మా దగ్గర్నే కొనేటోళ్ళు బిడ్డా. అందరికీ ఆ చేతితోనే తూకం ఏసిచ్చింది."

కుడి చేతిని ముందుకు చాపి, మణికట్టు దాకా ఉన్న స్వెటర్ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"రైక చెయ్యి ఒక్కనాడన్న పైకి మడవలే" అన్నాడు.