నా గేములో నేను పెట్టని మనిషి

దెయ్యాల కథలంటే నాకు భయం కాదు, చిరాకు. మా భూపాలపల్లిలో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతుంటే మా అమ్మ ముక్కున వేలేసుకుంటోంది.

పాత టీవీ గేముకు కొత్త ఆటలు రాయడం నా పిచ్చి. ఆ మిషన్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది. అనుమతి ఇచ్చేవాళ్లు లేరు, నేను అడగనూ లేదు. జనగామలో పాత సామాన్ల దుకాణంలో మిషన్ దొరికింది. ల్యాప్‌టాప్‌లో ఆట రాసి, చిప్పులోకి ఎక్కించి, పాత క్యాసెట్‌లో అతికిస్తాను.

మా బాపు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన కోసమే బాయి ఆట రాశాను. ల్యాంప్ రూంలో దీపం తీసుకుని దిగాలి, బొగ్గు తవ్వాలి, పైకొచ్చి దీపం అప్పగించాలి. అందులో ఉన్నది ఒక్కడే మనిషి.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీకి తగిలించి ఇచ్చాను. బాపు కాసేపు ఆడి ఆగిపోయాడు.

"బిడ్డా, గా మూలకు నిలవడ్డోడు ఎవడు?"

చూద్దును కదా, సొరంగం చివర ఇంకో మనిషి! నెత్తి మీద దీపం వెలుగుతోంది. బాపు బొమ్మ దగ్గరికి పోతే వెంట నడిచాడు. పైకెక్కే దారి మొదట్లో ఆగిపోయాడు.

రాసిన ప్రతి వరుసా వెతికాను. ల్యాప్‌టాప్‌లో ఆడితే వాడు లేడు. చిప్పు మార్చాను, మిషన్ విప్పి తుడిచాను. టీవీలో పెడితే మళ్లీ ఉన్నాడు.

"యాకూబ్ గాడే," అన్నాడు బాపు. "వాని నెత్తి మీదున్నది నా దీపం."

యాకూబ్ కాకా బాయిలో బాపు జోడీ. నా చిన్నప్పుడే లోపల కప్పు కూలి చనిపోయాడు. మిగతాది బాపు నాకు చెప్పడం అదే మొదలు. దీపం అప్పగిస్తే మనిషి పైకొచ్చినట్టు లెక్క. ఆ రోజు ఇద్దరి దీపాలూ మారాయి. బాపు పైకొచ్చి అప్పగించింది కాకా దీపం. లెక్కలో కాకా పైకొచ్చేశాడు, రానిది బాపు దీపం. బాపేమో ఎదురుగానే ఉన్నాడు, దీపం ఎక్కడో పెట్టి మరిచాడులే అనుకున్నారు ల్యాంప్ రూం వాళ్లు. కాకా ఇంటికి పోయాడనుకున్నాడు బాపు. వెతకడానికి దిగేసరికి ఆలస్యమైపోయింది.

ఇక బాపు తిండి మానేసి టీవీ ముందే. "రారా యాకూబ్, జర పైకి రారా" అని బతిమాలడం.

"నీ ఆటల మన్నువడ! తీసి అవతల పారెయ్యే!" అంది అమ్మ. తీశాను. ఖాళీ తెర చూస్తూ బాపు ఏడ్చాడు. నా వల్ల కాలేదు, మళ్లీ పెట్టాను.

చివరికి అబద్ధమైతే అయిందని, పైకి వచ్చే రెండో మనిషిని నేనే రాశాను. ఇద్దరూ ఎక్కి వచ్చారు, దీపాలు అప్పగించారు. హమ్మయ్య అనుకున్నాను. బాపు మళ్లీ దిగి చూశాడు.

"నువ్వు రాసినోడు వచ్చిండు బిడ్డా. యాకూబ్ ఆడనే ఉన్నడు."

ఇది ఎట్లా జరుగుతోందో నన్నడగకండి. ఆ ఆటలో ప్రతి చుక్కా పెట్టింది నేను, అయినా నాకు తెలియదు.

ఇప్పుడు బాపు పైకి రావడమే మానేశాడు. కిందికి దిగి, తన బొమ్మను కాకా పక్కన నిలబెట్టి, గేము రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. అన్నానికి పిలిస్తే తల తిప్పడు.

"మీరు తినుండ్రి. నేనొస్తే వాడు ఒక్కడైతడు."