ఐదో షెడ్డుకి మూడు చక్రాలు

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. గాజువాక నుంచి వన్ టౌన్ వెళ్లే బస్సులో నా పక్కనాయన ఒళ్లో మూడు ఇనుప చక్రాలున్నాయి. తన డ్రిల్లింగ్ మిషను కింద బిగించడానికట.

"మూడేనా?" అన్నాను.

ఆయన మూడు వేళ్లు మోకాలి మీద ఆనించాడు. "గచ్చు ఎలాగున్నా మూడూ ఆనతాయి బాబూ. నాలుగైతే ఒకటి గాల్లో ఉంటాది. పని సేసినప్పుడు స్క్రూలు తిప్పి మిషన్ని దాని కాళ్ల మీద నిలబెట్టేత్తాను."

"సిమెంటులో బిగించెయ్యొచ్చుగా?"

"అద్దె షెడ్డు కదా, ఇది ఐదోది." కిటికీలోంచి బయటికి చూశాడు. "మా ఊర్లో బిగించే ఉండీది. ఊరే ప్లాంటు కింద పోనాది."

ఆ ప్లాంటులోనే చేరబోతున్నానని చెప్పలేకపోయాను. అక్కడే రిటైరయ్యాను కూడా. ఇప్పటికీ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందాగినా, మిషను కింద చక్రాలు ఉండకూడదనుకుంటూ వంగి చూస్తాను.