పానకం లేని మినపరొట్టె

నా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే మినపరొట్టె ఉండాల్సిందే. మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె ధారాళంగా పోసి, రుబ్బిన మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి వేసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేది మా నాయనమ్మ. ఎర్రగా కరకరలాడే ఆ రొట్టెను చెరకు పానకంలో ముంచుకు తినేవాళ్ళం. తణుకు దగ్గరున్న నాయనమ్మ పుట్టింటి నుంచి ఏటా ఒక బిందెడు పానకం వచ్చేది. అదంటే తాతయ్యకి ఎంత ఇష్టమో, నాయనమ్మకి అంతకు రెట్టింపు ఇష్టం.

ఒక ఏడు తాతయ్యకి షుగరని తేలింది. కాలి మీద పుండు ఎంతకీ మానకపోతే మండపేట తీసుకెళ్ళారు. తీపి మానేయాలి, నూనె, బియ్యం బాగా తగ్గించాలి అన్నారు డాక్టరుగారు. నాయనమ్మ జొన్న రవ్వ తెప్పించి, నూనెకి బదులు గిన్నెలో అరటాకు పరిచి, తాతయ్యకి విడిగా చిన్న రొట్టె కాల్చింది. పక్కన కాస్త అల్లం పచ్చడి వేసింది. మాకేమో ఎప్పటి రొట్టే, ఎప్పటి పానకమే.

తాతయ్య కంచం తోసేశారు.

"చుట్టూ వరిచేలు పెట్టుకుని జొన్నలు తినాలా? మనమేమన్నా మెట్టవాళ్ళమా?" అని కోప్పడ్డారు.

మర్నాటి నుంచి రోజూ అంతే. ఉత్త టీ తాగి వీధి అరుగు మీద కూర్చునేవారు. మనిషి చిక్కిపోతున్నారు, పుండు మానడం లేదు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని పెద్దవాళ్ళు అనుకోవడం వినేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఒక పొద్దున నాయనమ్మ గిన్నె నిండా ఒక్కటే రొట్టె కాల్చింది. జొన్న రవ్వదే. అదే ముక్కలు కోసి అందరికీ పెట్టింది.

"పానకమేది నాయనమ్మా?" అన్నాను.

"పక్కింటివాళ్ళకి ఇచ్చేశానే," అంది తేలిగ్గా.

అందరి తిళ్ళూ అయితే తప్ప కూర్చోని మనిషి, ఆ రోజు తన కంచం తెచ్చుకుని తాతయ్య పక్కనే చతికిలబడింది. రొట్టె తుంచి, పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. తాతయ్య కాసేపు ఆవిడనే చూశారు.

"నీకేం వచ్చిందే, పానకం మానేయడానికి?"

"నాకేం రాలేదండి. మీకొచ్చింది కదా," అంది నములుతూనే.

తాతయ్య కంచం దగ్గరికి లాక్కున్నారు. తినడం అయ్యాక "అరటాకు వాసన బాగానే ఉందే" అని గొణిగారు. అప్పటిదాకా పానకం కోసం మూతి ముడుచుకున్న నాకు నవ్వాగలేదు. ఆ చలికాలమంతా అందరం ఆ రొట్టే తిన్నాం. మందులూ పనిచేశాయి, పుండు మెల్లగా మానింది.

తాతయ్యకి కోపం తెప్పించింది విడిగా పెట్టిన ఆ చిన్న రొట్టేనని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. ఇంటిల్లిపాదీ ఒకటి తింటూ తనకొక్కడికే ఇంకొకటి పెడితే, ఎంత పెద్దమనిషికైనా మనసు చివుక్కుమంటుంది మరి.

మొన్న మా ఆయనకి బీపీ అని, ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు. ఆ పూటే చప్పిడి పప్పు ఇద్దరి కంచాల్లోనూ వడ్డించుకుని పక్కన కూర్చున్నాను. "నీకేమొచ్చింది?" అన్నారాయన. నాయనమ్మ చెప్పిన జవాబు ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉంది.